పొయ్యి మట్టి

కొంగలంకను గోదావరి తలవైపు తింటుంది, తోకవైపు కక్కుతుంది. ఎగువ వాళ్ళ కొబ్బరితోట ఈ ఏడు ఏట్లో కలిస్తే, నాలుగు వరదలు తిరిగేసరికి అదే మట్టి దిగువ వాళ్ళ కొసన మేటై లేస్తుంది. "అది మా భూమే, నడిచి మీ దగ్గరికొచ్చింది" అంటారు ఎగువ వాళ్ళు. "వస్తే వచ్చింది, దాని మీద మీ పేరేమన్నా రాసుందా?" అంటారు దిగువ వాళ్ళు.

మంగతాయారు తయారుచేసిన యంత్రం ఆ పేరు చదివేది.

ఆ తగువులోనే ఆమె అన్న దొరబాబు మాయమయ్యాడు. అప్పటికి తాయారు ఇంటర్ చదువుతోంది. దిగువ వాళ్ళే చంపి ఏట్లో కలిపేశారని ఎగువ ఊరు ఊరంతా ఊగిపోయింది. వారం తిరక్కుండా దిగువ పెద్ద సోమన్న కొడుకు గంగరాజును రేవులో నరికారు. పాకలు తగలబడ్డాయి. లంకను రెండుగా చీల్చే నడిపాయ పొడుగునా ముళ్ళకంచె లేచింది, పోలీసుల గుడారం లేచింది. రేవు ఎగువ వాళ్ళ పక్కన ఉంది, కొత్తమేట దిగువ వాళ్ళ పక్కన ఉంది. దిగువ వాళ్ళకు దారి లేదు, ఎగువ వాళ్ళకు నేల లేదు. ఇరవై ఏళ్ళు ఇలాగే గడిచింది.

ఇప్పుడిక గడవదు. కోత ఎగువ ఊరి బడి గోడ దాకా వచ్చేసింది. ఈ వరదకు బడి, పై వరదకు ఊరు. పోవడానికి కొత్తమేట తప్ప చోటు లేదు. అందుకని రిటైరైన జడ్జిగారొకాయన్ని మధ్యవర్తిగా పెట్టుకుని రెండు ఊళ్ళూ మాటలకు దిగాయి. ఒకరి గడ్డ మీద ఇంకొకరు కాలు పెట్టరు కాబట్టి, నడిఏట్లో బల్లకట్టు లాంటి పంటు ఒకటి లంగరేసి దాని మీదే కూర్చుంటున్నారు.

పంటు మీద తాయారు తన యంత్రాన్ని మొదటిసారి బయటికి తీసిన రోజు జనం చూడ్డానికి ఎగబడ్డారు. జానెడు పెట్టె, దానికో ఇనపచువ్వ. అంతే.

"దీనికేటి తెలుస్తాదమ్మా?" అన్నాడు సోమన్న. డెబ్బై దాటిన మనిషి. కొడుకు పోయిన దగ్గర్నుంచి తలపాగా చుట్టడం మానేశాడు.

"మట్టి జిగురుదండి పెద్దయ్యగారూ. తన మీద బతికినదాన్ని అంత తేలిగ్గా వదలదు. వేరు, పేడ, చెమట, దేని ఆనవాలైనా రేణువుకి పట్టుకునుంటుంది. ఏరు మోసుకెళ్ళినా పోదు. కొత్తమేట నుంచి గుప్పెడు తెప్పించండి."

తెప్పించారు. చువ్వ గుచ్చింది. కాసేపటికి పెట్టె మీద అక్షరాలు కదిలాయి.

"కంద వేసిన నేల. పక్కన పనస. నాటు గేదెలు కట్టేవారు. అంతకుముందు పొగాకు."

ఎగువ వాళ్ళలోంచి ఒక ముసలాయన లేచి నిలబడిపోయాడు. "మాదే! ఆ పనసచెట్టు మా తాతేశాడు. ఏట్లో పడి పదేళ్ళు దాటిపోయింది."

"ఓరి నాయనో, ఇది ముక్కురా" అన్నాడు దిగువ పడవవాడొకడు. "మా ఇంటి ఛాయలకి తేకు తల్లోయ్. నా చొక్కా వాసన చూసిందంటే మా ఆవిడ నన్ను ఏట్లో తోసేస్తది."

రెండు పక్కలా నవ్వారు. ఆ పంటు మీద రెండు పక్కల వాళ్ళూ కలిసి నవ్వడం అదే మొదలు. అప్పట్నుంచి యంత్రం పేరు ముక్కే అయిపోయింది.

ఆ ముక్కే పనిని దారిలో పెట్టింది. కొత్తమేటలో ఎవరి మట్టి ఎంతుందో తేలిపోయాక అరవడానికి ఏమీ మిగల్లేదు. ఎగువ వాళ్ళకు మేట మీద ఇళ్ళ జాగా, దిగువ వాళ్ళకు రేవు దాకా తోవ. ఎగువ పక్కన ఈ మాట నిలబెట్టింది తాయారు బాబాయి బుల్లబ్బాయి. తన అన్న, అంటే తాయారు నాన్న, పోయాక వదినను, ఆమె కూతుర్ని తన ఇంట్లో పెట్టుకుని సాకిన మనిషి. తాయారును పట్నంలో చదివించిందీ ఆయనే. ఆయన సరేనన్నాడంటే ఎగువ ఊరు సరేనన్నట్టే.

అన్నీ కుదిరాక తాయారు తల్లి వీరాయమ్మ అడ్డం పడింది.

కొడుకుల్ని పోగొట్టుకున్న రెండిళ్ళ వాళ్ళూ ముందు వేలిముద్ర వేస్తేనే మిగతావాళ్ళు వేస్తారు. అలాగని రెండు ఊళ్ళూ మాట అనుకున్నాయి. సోమన్న సిద్ధంగా ఉన్నాడు. వీరాయమ్మ మాత్రం చేతులు కొంగులో దాచుకుంది.

"నా బిడ్డని ఎక్కడ కప్పెట్టారో చూపించమనండి. చంపామని ఒప్పుకోమనండి. అప్పుడేస్తాను."

"మాకు తెలీదమ్మా" అన్నాడు సోమన్న. "తెలీనిది ఎక్కడ చూపించను?"

"అయితే మునగండి. మేమూ మునుగుతాం."

జడ్జిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. బుల్లబ్బాయి తల దించుకున్నాడు. అప్పుడు తాయారే అంది. "నేను వెతుకుతానే అమ్మా. కొత్తమేటలో ఉంటే ముక్కు చెప్తుంది."

దానికి తల్లి ఉమ్మి కావాలి. గాజుగొట్టంలో ఉమ్మమంటే వీరాయమ్మ కూతుర్ని ఎగాదిగా చూసింది. "కన్నందుకు కడుపు కోసుకున్నాను. ఇప్పుడు ఉమ్మి పెట్టి వెతుకుతావంటే?" అని, అయినా ఉమ్మింది.

పట్నంలో ల్యాబులో ఈ పని తాయారుకు మంచినీళ్ళు తాగినట్టుండేది. చల్లగదిలో, తెల్లకోటులో, కుండీల మట్టిలో తోటమాలి చెమట కనిపెట్టి చప్పట్లు కొట్టించుకుంది. ఇక్కడ, సోమన్న అడుగుపెట్టనిచ్చిన మేట మీద, ఎండ మాడు పగలగొడుతుంటే, అడుగడుక్కీ చువ్వ గుచ్చుతూ, అన్న కోసం ఇసకను అడుగుతోంది. గేదెలున్నాయి, అరటి ఉంది, ఎవరెవరి తాతలో ఉన్నారు. దొరబాబు లేడు.

ముక్కుకొక తిక్క ఉంది. పొద్దున్నే దానికి ఏ ఆనవాలూ లేని మట్టి చూపించాలి. నిన్నటి వాసనలు మరిచి సున్నాకు వచ్చాకే కొత్తవి పడుతుంది. ల్యాబు నుంచి తెచ్చుకున్న కాల్చిన ఇసక అయిపోయింది. నిప్పు తగిలిన మట్టి ఏమీ చెప్పదు. అంతకన్నా మంచి సున్నా ఇంట్లోనే ఉంది, అమ్మ పొయ్యి.

గ్యాసున్నా వీరాయమ్మ అన్నం మాత్రం వంటపాకలో మట్టిపొయ్యి మీదే వండుతుంది.

"నీ ముక్కుకి నా పొయ్యి వాసన కావాల్సొచ్చిందా? కానీ కానీ. ఎసరు తన్నకు."

తాయారు పొయ్యి అంచున చువ్వ గుచ్చింది. ఎర్రగా కాలిన పై పొర పెంకులా చిట్లింది. కింద మట్టి గుల్లగా ఉందేమో, చువ్వ జర్రున మోచేతి లోతుకు దిగిపోయింది. సున్నా రావాలి. రాలేదు. మనిషి ఆనవాలు వచ్చింది.

అమ్మదేలే అనుకుంది. రోజూ ఇక్కడే కూర్చుంటుంది కదా. పెట్టె కాదంది. వీరాయమ్మ కన్న బిడ్డది అంది. అయితే నాదే, చెయ్యి తగిలుంటుంది అనుకుని తొడుగులేసుకుని, చువ్వ కడిగి, మళ్ళీ గుచ్చింది. అదే వచ్చింది. ఈసారి ఇంకో మాట కలిసింది.

మగ.

వీరాయమ్మ కన్నది ఇద్దరినే.

"ఏంటే అలా కొయ్యబారిపోయావు? చెడిపోయిందా ఏంటి?" అంది తల్లి, బియ్యం కడుగుతూ.

"చెడిపోయినట్టుందే అమ్మా" అంది తాయారు.

లంకలో ఒక వాడుక ఉంది. ఇల్లు ఏట్లో పోతుందనగానే మంచాలు, మూటల కన్నా ముందు పొయ్యి తవ్వి, ఆ మట్టిని గంపకెత్తి కొత్తింటికి మోస్తారు. అది లేని ఇంట్లో అన్నం ఉడకదంటారు. పదేళ్ళ కిందట వీళ్ళ పాతిల్లు, పశువులపాక ఏట్లో జారిపోతున్నప్పుడు గంపలన్నీ బాబాయే మోశాడు. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఎంత గుణవంతుడో అని ఊరంతా చెప్పుకుంది. పొయ్యి గంపలు మోసే మనిషిని గంపలో ఏముందని ఎవరడుగుతారు?

బుల్లబ్బాయి కోత అంచున వెదురు గుంజలు దిగ్గొడుతున్నాడు. ఆపలేనని తెలిసినా రోజూ కొడతాడు.

"బాబాయ్. పొయ్యి కింద ఎవరున్నారు?"

సమ్మెట పైకి లేచింది, దిగలేదు. ఆయన దాన్ని మెల్లగా కిందపెట్టి గుంజ పట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వా పెట్టె పట్టుకుని పడవ దిగిన రోజే ఎటైనా ఎల్లిపోదాం అనుకున్నాను. ఎక్కడికెల్తానమ్మా?"

"ఎందుకు బాబాయ్?"

"సగం ఇచ్చేసి వచ్చాడే. సోమన్నతో మాట్లాడేసి వచ్చాడు. మేట చెరిసగం అని. మీ నాన్న భూమి, నా భూమి. ఏదో గెలిచొచ్చినట్టు నవ్వుతా చెప్పాడు. పశువుల రాట పాతుతున్నాను, చేతిలో ఇదే ఉంది." సమ్మెట వంక చూశాడు. "ఒక్క దెబ్బే."

ఏటి కింద ఎక్కడో మట్టిపెళ్ళ జారి దభీమంది. ఇద్దరూ రెండడుగులు వెనక్కి వేశారు.

"మరి గంగరాజు?"

"నేను చంపమన్లేదు."

"ఆగమనీ అన్లేదు."

"అన్లేదు."

"పాకలో కప్పెట్టావు. పాక ఏట్లో పోతుంటే ఎముకలు బయటపడతాయని గంపల్లో తెచ్చావు. ఏట్లోనే వదిలెయ్యొచ్చుగా బాబాయ్! అమ్మ పొయ్యి కిందా?"

"ఏట్లో వెయ్యబోతే చెయ్యి రాలేదు." ఆయన సమ్మెటను కాలితో పక్కకు తోశాడు. "అన్నయ్య కొడుకు. ఇంట్లోనే ఉంటాడు, వాళ్ళమ్మ చేతి వేడి తగులుద్ది అనుకున్నాను."

తాయారుకు పదేళ్ళుగా సెలవులకు వచ్చినప్పుడల్లా తిన్న అన్నం గుర్తొచ్చింది.

"సంతకాలయ్యాక నన్నేం చేసుకున్నా సరే" అన్నాడు బుల్లబ్బాయి. "ఇప్పుడు నోరిప్పితే దిగువోళ్ళు గంగరాజు లెక్క అడుగుతారు. మనోళ్ళు నా మాట మీదున్నారు, నేను పోతే ఒక్కడూ నిలబడడు. అటు చూడు."

అటు బడి. గోడకు, ఏటికి మధ్య ఒక ఎడ్లబండి పట్టేంత చోటు. గోడ మీద పిల్లలు వరసగా కూర్చుని ఏట్లోకి గులకరాళ్ళు విసురుతున్నారు.

మర్నాడు పంటు మీద తాయారు ఒక కొత్తకుండ తల్లి ఒళ్ళో పెట్టింది. కొత్తమేట తూర్పు కొసన ఎత్తిన ఒండ్రు అది. అందులో గేదెల ఆనవాళ్ళు, అరటి ఆనవాళ్ళు తప్ప ఏమీ లేవు.

"దొరికాడమ్మా. ఎముకలు లేవు, ఏరు అరగదీసేసింది. ఈ మట్టే మిగిలింది."

వీరాయమ్మ కుండలో చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. తర్వాత లేచి సోమన్న ముందు నిలబడింది.

"ఇప్పుడు చెప్పు."

సోమన్న ఆమెను చూడలేదు. తాయారును చూశాడు. గాలివాటం పసిగట్టే పడవవాడి చూపు అది. తాయారు కళ్ళు దించుకుంది. అంతే, ముసలాయన భుజాలు జారాయి.

"ఒప్పుకుంటన్నానమ్మా. మావోళ్ళే చేశారు."

వెనక దిగువ కుర్రాళ్ళు బుసకొడుతూ లేచారు. "ఏం మాట్లాడుతున్నావు తాతా! మనమెప్పుడు..." ఆయన చెయ్యెత్తాడు. కూర్చున్నారు.

వీరాయమ్మ గుప్పెడు ఒండ్రు తీసి ఆయన మొహాన కొట్టింది. కళ్ళ మీద, మీసాల మీద పులిమింది. ఆయన కదల్లేదు. జడ్జిగారు సిరాడబ్బీ ముందుకు తోస్తే ఆమె దాన్ని ముట్టుకోలేదు. మట్టివేలే కాగితం మీద గట్టిగా అదిమింది.

జనం చప్పట్లు కొట్టారు. కొందరు ఏడ్చారు. బుల్లబ్బాయికి దండ వేశారు.

సోమన్న పంటు అంచున వంగి మొహం కడుక్కుంటుంటే తాయారు చెంబు అందించింది.

"నీ ముక్కు అబద్ధం ఆడదన్నావు పాపా."

"అది ఆడలేదండి."

"ఆఁ." ఆయన మూతి తుడుచుకున్నాడు. "ఎవరని అడగన్లే. గంగరాజు కూతురు పురుటినొప్పులకి రేవుకి దారి లేక చుట్టూ తిరిగెళ్ళే పడవలోనే పోయింది. ఆ తోవ తెరుచుకుంటే నాకు చాలు. మట్టిదేముంది, కడిగితే పోద్ది."

కంచె పీకేశారు. ఒప్పందంలో రాసుకున్నట్టే ఎగువ ఊరు కొత్తమేటకు కదిలింది. మంచాలు, కోళ్ళగంపలు, బడి నల్లబల్ల అన్నీ దిగువ వాళ్ళ బళ్ళ మీదే వెళ్తున్నాయి. తాయారు యంత్రాన్ని పెట్టెలో సర్దుతుంటే వంటపాకలోంచి తల్లి కేక వినిపించింది.

"బుల్లబ్బాయీ, గునపం పట్రా! పొయ్యి తవ్వాలి."

తాయారు చేతిలో చువ్వ జారిపోయింది. తోవలు, హద్దులు, ఇళ్ళ వరసలు, అన్నిట్నీ తనే కూర్చుని గీసింది. పుట్టి పెరిగిన ఊరి వాడుక తమ ఇంటికి మళ్ళీ వస్తుందని మాత్రం అనుకోలేదు. ఊరు కదలాలంటే పొయ్యి కదలాలి.

ఆమె వెళ్ళేసరికి బుల్లబ్బాయి గునపంతో పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. గంప పట్టుకుని వీరాయమ్మ.

"కానీవయ్యా, బండి ఆగుంది."

"వదినా, దీన్ని ఉండనీ. అక్కడ కొత్తది..."

"పొయ్యి మట్టి లేకుండా ఇల్లేంటి? పాతింటి నుంచి నువ్వే కదా మోశావు?"

గునపం కదల్లేదు. ఆయన దాన్ని రెండు చేతులతో గుండెకు అదుముకున్నాడు. వీరాయమ్మ ఆ చేతుల్ని చూసింది, కూతురి మొహం చూసింది. గంప కిందపెట్టి గునపం లాక్కుంది.

"అమ్మా, వద్దే" అంది తాయారు.

వీరాయమ్మ తవ్వింది. ఎర్రమట్టి పోయింది, నల్లమట్టి వచ్చింది. ఆ తర్వాత గునపం ఇనుము మీద ఇనుము తగిలినట్టు ఖంగుమంది. ఆమె చేత్తో తీసి కొంగుకు తుడిచింది. స్టీలు పట్టీ, దానికింకా బిగిసే ఉన్న మరలు. కబడ్డీలో తొడ విరిగితే దొరబాబుకు పెద్దాసుపత్రిలో వేసింది. దాని వెనకే ఎముక.

ఆమె పట్టీని అరచేతిలో పెట్టుకుని తడుముతూ కూర్చుంది. బయట బండివాడు ఎడ్లను అదిలిస్తున్నాడు.

"నీకెప్పట్నుంచి తెలుసే?"

"సంతకాల ముందు రోజు నుంచి."

"ఆ మనిషి మొహాన మట్టి కొట్టించావు నా చేత."

తాయారు గంప తెచ్చి తల్లి పక్కన పెట్టింది.

"వదినా, మేటలో సగం ఇచ్చేసి వచ్చానన్నాడు, ఒక్క దెబ్బ పడిపోయింది. నేను ఇప్పుడే పోలీసు గుడారానికి ఎల్లి..." అన్నాడు బుల్లబ్బాయి.

"నోర్ముయ్. ఎల్తే ఊరికి తెలుస్తది. తెలిస్తే కంచె మళ్ళీ లేస్తది, మళ్ళీ ఎవరి బిడ్డో పోతాడు." ఆమె ఒక్కొక్క ఎముకా తీసి గంపలో పెట్టి, పైన పొయ్యి మట్టి కప్పుతోంది. "ఈ పొయ్యి మీద నీకు రెండు పూటలా వండిపెట్టాను. కారం చాలకపోతే అడిగి మరీ వేయించుకున్నావు."

ఆమె గంప నిండా మట్టి కప్పి లేచింది.

"నువ్వు మేట మీద కాలు పెట్టకు. వాడు సగం అడిగి తెచ్చిన నేల అది. ఇక్కడే ఉండు. ఈ ఇల్లు ఎటుపోతే నువ్వూ అటే."

"అలాగే వదినా" అన్నాడు బుల్లబ్బాయి, సంతకెళ్ళి కూరలు తెమ్మంటే అన్నట్టు.

గంప నెత్తిన పెట్టుకుని వీరాయమ్మ నడిపాయ దాటింది. ఇరవై ఏళ్ళ తర్వాత మొదటిసారి దాటింది. నేరుగా సోమన్న వాకిట్లోకి వెళ్ళి నిలబడింది. వెనక తాయారు.

"అన్నయ్యా. నీ కొడుకుని ఉత్తపుణ్యానికి చంపుకున్నాం. నా కొడుకు నా ఇంట్లోనే ఉన్నాడు."

సోమన్న గంప వంక చూశాడు.  అరుగు దిగి ఆమె దగ్గరికి వచ్చాడు.

"ముందు గంప దింపమ్మా. మెడ నొప్పెడతది" అన్నాడు.

ఇద్దరూ కలిసి దింపుకున్నారు. ఎముకల్ని చీకటి పడకముందే ఏటి ఒడ్డున కప్పెట్టారు. ఎవరివని దిగువ ఊళ్ళో ఎవరూ అడగలేదు. మట్టి మాత్రం వీరాయమ్మ తెచ్చుకుని కొత్తింట్లో పొయ్యి వేసింది.

బుల్లబ్బాయిగారు ఎందుకు రాలేదని అడిగినవాళ్ళకు, పుట్టిన నేల వదలనంటున్నాడని చెప్పారు. ఊరంతా ఆహా అనుకుంది. మేట మీద కట్టే కొత్త బడికి ఆయన పేరే పెట్టాలని తీర్మానం కూడా చేశారు. తాయారు అప్పుడు అక్కడే ఉంది. చెయ్యెత్తమంటే ఎత్తింది.

శ్రావణంలో గోదావరి ఎర్రబడింది. కొంగలంక విల్లులా వంగి ఉంటుంది కాబట్టి మేట మీద నిలబడితే నీళ్ళ మీదుగా ఎగువ కొస కనిపిస్తుంది. ఆ సాయంత్రం బడి పడిపోయి, కోత ఇళ్ళ వరస దాకా వచ్చేసింది. ఖాళీ అయిన ఆ ఊళ్ళో ఒక్క ఇంట్లోనే దీపం ఉంది.

గెడకర్ర పట్టుకుని సోమన్న వీళ్ళ కొత్తింటి వాకిట్లోకి వచ్చాడు. వానకు ఒళ్ళంతా తడిసి ఉంది.

"పడవ వేస్తానమ్మా. వెలుగుండగానే ఎల్లి రావచ్చు."

వీరాయమ్మ పొయ్యి ఊదుతోంది. "రమ్మని కేకేశాడా?"

"లేదు."

"దీపమేమన్నా ఊపాడా?"

"లేదమ్మా. గుమ్మంలో కూర్చున్నాడు."

సోమన్న తాయారు వంక చూశాడు. ఆమె ఒక్క మాట అంటే ఆయన వెళ్తాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. తనను చదివించిన చెయ్యి గుర్తొచ్చింది. సమ్మెట పట్టుకున్నదీ ఆ చెయ్యే.

"గెడ పక్కన పెట్టన్నయ్యా" అంది వీరాయమ్మ. "అన్నం దింపుతున్నాను."

ముసలాయన గెడను గోడకు ఆనించి, కాళ్ళు కడుక్కుని వచ్చాడు. గంజి పొంగి పొయ్యిలో పడి చుయ్యిమంది.

తాయారు మూడు కంచాలు పెట్టి, ఏటికి వీపు పెట్టి కూర్చుంది.